ఉపగ్రహపు బొమ్మయు, మన ఒత్తక్షరమును

(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల సభలో చేసిన ఉపన్యాసము)



ఇట్టి సభలలో భాషాభిమానమును గూర్చి మాటాడుట పరిపాటి. ఆ పని మాకంటె బాగుగా చేయగలవారు ఈ వేదికమీదనే ముగ్గురున్నారు. మేము మాత్రము ఇంటింట గోడకు వ్రేలాడు టీవీని గూర్చి చెప్పదలచితిమి. కారణమేమన, సౌకార్‌పేటలో తెలుగుబిడ్డ కంటికి బడి యావల తెలుగక్షరము కనబడు తావులు మిక్కిలి తక్కువ. తంగసాల వీథిలో ఈ కొసనుండి ఆ కొసవరకు నడచినను బోర్డులమీద తమిళము, ఇంగ్లీషు, హిందీ కనబడును, తెలుగును వెదకికొనవలయును. గుడిలో దాతల పేర్లు చెక్కిన రాయి, ఇంటిలో పంచాంగము, ఎప్పుడో వచ్చు పెండ్లి శుభలేఖ - ఇవి పోగా మిగిలినది టీవీ తెర. ఆ తెర యడుగున పరుగెత్తు వార్తల పట్టీయే పెక్కుమంది పిల్లలు దినదినము చూచు తెలుగు. ఆ యక్షరము దారిలో ఏమగుచున్నదో తల్లిదండ్రులు ఎరిగియుండుట అవసరమని మా తలంపు.

ఆకాశమునుండి తెలుగు దిగివచ్చుట నిన్న మొన్నటి మాట కాదు. 1975 ఆగస్టు 1వ తేదీనుండి ఒక సంవత్సరకాలము అమెరికావారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహమును మన దేశము వాడుకొనినది. ఆ ప్రయత్నమునకు 'సైట్' అని పేరు. ఆంధ్రప్రదేశముతో కూడ ఆరు రాష్ట్రములలో సుమారు 2400 గ్రామములయందు, కోళ్లగూళ్లకు వాడునట్టి తీగవలతో చేసిన పెద్ద గొడుగులు నిలిపి, వానిక్రింద టీవీలు పెట్టిరి. ఆ యుపగ్రహము పంపునది ఒక్క బొమ్మ. దానివెంట రెండు స్వరమార్గములు. కావున ఒకే బొమ్మను చూచుచు ఒక యూరివారు ఒక భాషను, వేరొక యూరివారు వేరొక భాషను వినుటకు వీలుండెను. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుడు. చివర దీనితో పని కలదు.

చెన్నపట్టణపు దూరదర్శన కేంద్రము అదే యేడు ఆగస్టు 15న మొదలైనది. హైదరాబాదు కేంద్రము 1977లో వచ్చినది గాని, ఆ గోపురపు ప్రసారము మనదాక రాదు. ఇచ్చటి తెలుగువారి యిండ్లలో తెలుగు విరివిగా కనబడుట 1995లో జెమిని, ఈటీవీ ఛానళ్లు ఉపగ్రహము నెక్కిన పిమ్మటనే. ఆనాటి పద్ధతి అనలాగు. ఉపగ్రహములోని ఒక ట్రాన్స్‌పాండరు, అనగా 36 మెగాహెర్ట్స్ వెడల్పు గల దారి, సాధారణముగా ఒక్క ఛానలుకే చెల్లిపోయెడిది. బొమ్మ చెడినచో తెల్లని చుక్కలు మంచువలె కురిసెడివి.

ఆ దినములలో మా వీథికి కేబులు తెచ్చిన వ్యాపారి తమిళ ఛానళ్లను మంచి స్థానములందుంచి, తెలుగు ఛానళ్లను చిట్టచివరకు నెట్టెను. పాత టీవీలకు ఆ చివరి ఛానలు అందనే లేదు. అందినవారికి తెరమీద ప్రతి మనిషి ప్రక్కనను ఒక నీడమనిషి! పోయి అడుగగా, 'చూచువారెందరండీ?' అనెను. వ్యాపారి మాటగా దానిలో తప్పు పట్టలేము. మనలోను పెక్కుమంది వ్యాపారులమే గదా. కాని ఆ ప్రశ్న అంతటితో పోలేదు. నేడును అదియే, మరియొక వేషమున, బొమ్మ నాణ్యమును నిర్ణయించుచున్నది. ఆ వేషము పేరు సంపీడనము; వాడుకమాటలో కంప్రెషన్.

2003 సెప్టెంబరు 1వ తేదీన మన నగరమున, దేశములోని నగరములన్నిటికంటె ముందుగా, 'క్యాస్' అను పెట్టెల పద్ధతి అమలునకు వచ్చినది. తరువాత మిద్దెలమీద డి.టి.హెచ్. డిష్షులు మొలచినవి. 2012లో నాలుగు మహానగరములకు డిజిటలు కేబులు గడువు పెట్టిరి. చెన్నపట్టణమున అది కోర్టు వ్యాజ్యములలో చాలకాలము నానినది. ఏమైనను నేడు మన యింటికి చేరుచున్నది అంకెలుగా మారిన బొమ్మయే. ఆ యంకెల లెక్క కొంచెము చూతము.

మామూలు ఛానలు బొమ్మలో అడ్డముగా 720, నిలువుగా 576 బిందువులుండును. మొత్తము 4,14,720. సెకనుకు 25 బొమ్మలు. ఒక్కొక్క బిందువునకు వెలుగును రంగును చెప్పుటకు 16 బిట్లు వేసికొన్నచో సెకనుకు 16 కోట్ల 58 లక్షల బిట్లకు పైబడును. ఇక దారి సంగతి. ఇందాక చెప్పిన ట్రాన్స్‌పాండరులో మామూలు డిజిటలు పద్ధతిని పట్టునది సెకనుకు సుమారు 3 కోట్ల 80 లక్షల బిట్లు మాత్రమే. ఒక్క ఛానలైనను అందులో పట్టదు! అయినను ఆ దారిలోనే పది ఛానళ్లు, కొన్నియెడల అంతకంటె ఎక్కువ, పంపుచున్నారు. ఒక్కొక్కదానికి వచ్చునది ముప్పది నలుబది లక్షలు. అనగా స్టూడియోలోని బొమ్మలో నలుబదింట ఒక పాలు మాత్రమే ఆకాశమునకు పోవుచున్నది. తక్కినదంతయు ఏమైనది?

దీనిలో మోసమేమియు లేదు. మన పాఠశాల సంచికలోని ఫోటోను భూతద్దముతో చూడుడు: మీ పిల్లవాని ముఖము చుక్కలు చుక్కలుగా విడిపోవును. దూరమునుండి చూచు కన్ను ఆ చుక్కలను కలుపుకొని ముఖముగా గ్రహించును. కంటికి ఏది అక్కరలేదో కనిపెట్టి దానిని వదలుటయే ముద్రణలోనైనను, టీవీలోనైనను కిటుకు. కన్ను వెలుగునీడలను గుర్తించినంత సూక్ష్మముగా రంగును గుర్తింపదు గనుక రంగు వివరము కొంత తీసివేయుదురు. వార్తలు చదువు ఆమె వెనుకనున్న గోడ కదలదు గనుక దానిని సెకనుకు ఇరువదియైదు మారులు పంపక, 'ముందటివలెనే' అని ఒక్క ముక్క పంపుదురు. కదలిన చేయి ఎటు కదలెనో మాత్రము చెప్పుదురు. ఇవి సుళువుగా తెలియు సంగతులు.

అసలైన ఉపాయము వేరొకటి కలదు. దానియొద్ద కొంచెము నిలువవలయును. ఏలయన అందులో మనవారి చేయి కలదు.

బొమ్మనంతటిని ఎనిమిది చుక్కలు, ఎనిమిది వరుసల ముగ్గులుగా విభజింతురు. ఒక్కొక్క ముగ్గులో 64 చుక్కలు. ఆ చుక్కల విలువలను అట్లే పంపక, 64 అలల కొలతలుగా మార్చుదురు. మొదటి కొలత ఆ గడి యంతటి సగటు వెలుగు. తరువాతివి మెల్లగా ఎక్కిదిగు పెద్ద యలలు. చిట్టచివరివి చుక్కచుక్కకు మారు సన్నని యలలు. ఒక చెక్కిలియో, ఆకాశమో, పట్టుచీర మడతయో అయినచో దాని సారమంతయు మొదటి నాలుగైదు కొలతలలోనే కూడియుండును. చివరివి దాదాపు సున్నలు. సున్నలను మూటకట్టుట ఎంతపని! ఈ మార్పును డి.సి.టి., అనగా డిస్‌క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ అందురు. దీనిని లోకమునకు చెప్పిన వ్యాసము 1974 జనవరిలో వెలువడినది. దానిపై మూడు పేర్లున్నవి: బెంగుళూరున చదివిన నాసిర్ అహ్మద్, ఆయన శిష్యుడు టి. నటరాజన్, మూడవవారు కె. ఆర్. రావు.

కె. ఆర్. రావనగా కామిశెట్టి రామమోహనరావుగారు. ఇంటిపేరు విన్నంతనే ఆయన ఏ భాషవారో మన పేటవారికి వేరుగ చెప్పవలసిన పనిలేదు. ఆయన 1952లో ఇంజనీరింగు పట్టము పొందినది మన యూరి గిండీ కళాశాలలోనే. తరువాత అమెరికాకు పోయి 1966లో డాక్టరేటు సంపాదించి, టెక్సాసు విశ్వవిద్యాలయపు ఆర్లింగ్టన్ శాఖలో జీవితమంతయు బోధించి 2021 జనవరిలో కాలధర్మము చెందిరి. 1972లో ఈ పరిశోధనకై అహ్మద్ గారు అమెరికా జాతీయ విజ్ఞాన సంస్థను ధనసహాయము కోరగా, 'ఆలోచన మరీ సులభముగా నున్నది' అన్న అభిప్రాయముతో వారు కాదనిరట. 1973 వేసవియంతయు జీతము లేకయే దానిమీద కూర్చుంటినని ఆయనయే తరువాత వ్రాసినారు. ఆ 'మరీ సులభమైన' ఆలోచనయే నేడు మీ జేబులోని ఫోను తీయు ఫోటోలోను, 1990లలో వచ్చిన ఎంపెగ్-2 ప్రసారములోను, 2003 నాటి హెచ్.264 పద్ధతిలోను మూలమై యున్నది. సౌకార్‌పేటలో టీవీ పెట్టినప్పుడెల్ల గిండీలో చదివిన ఒక రామమోహనరావుగారి లెక్క ఆ పెట్టెలో జరుగుచున్నది. పిల్లలకు ఈ మాట చెప్పుడు. మన పాఠ్యపుస్తకములలో ఈ పేరు మాకు కనబడలేదు.

అయితే ఆ ఉపాయమునకు ఒక స్వభావము కలదు. అది ముఖములకు, ఆకాశములకు అనుకూలము. అక్షరములకు అంత అనుకూలము కాదు. అక్షరపు అంచు నున్నగా మారదు. తెల్లనినుండి నల్లనికి ఒక్క దూకు దూకును. అట్టి అంచు 64 కొలతలలోను చెదరిపోవును, చివరి సన్నని యలలలో కూడ. బిట్లు చాలనప్పుడు మొట్టమొదట కత్తిరించునది ఆ చివరి యలలనే. కావున అక్షరపు చుట్టును దోమలు ముసిరినట్లు మసక కమ్మును. సన్నని గీత కరగిపోవును.

ఇంగ్లీషు పెద్దక్షరము ఒంటిమిద్దె యిల్లు. మన యక్షరము మూడంతస్తులది: నడుమ అక్షరము, పైన తలకట్టు, గుడి, ఏత్వము, క్రింద ఒత్తు. తెర యడుగున పట్టీకి 576 వరుసలలో ఏ నలుబదియో ఏబదియో దక్కును. ఇంగ్లీషువాడు దానినంతటిని అక్షరపు శరీరమునకే వాడుకొనును. మనము మూడంతస్తులకు పంచవలయును. ఒత్తునకు మిగులునది ఏ పది వరుసలో. అనగా ఒక ఒత్తు ఇంచుమించుగా ఒక్క ముగ్గులో ఇమిడిపోవును. ఆ ముగ్గు మసకబారినచో ఒత్తు పోయినట్లే. మన లిపిలో ఒక్క చిన్న గీత అర్థమునే మార్చును. 'కద'కును 'కథ'కును భేదము కడుపులోని ఒక చుక్క. 'దార'కును 'ధార'కును అడుగున ఒక గీత. 'పలము', 'ఫలము' సరేసరి. పెద్దలకు చిక్కులేదు, మనము మాటను ముందే ఎరుగుదుము గనుక కన్ను చూడనిదానిని మనస్సు పూరించును. ఆ మాటను మొదటిసారి చూచు బిడ్డకు పూరించుకొనుటకు ఏమున్నది?

మూడవ తరగతి పిల్లల వ్రాతపుస్తకములలో ఒత్తులు, అడుగుగీతలు జారిపోవుట ఉపాధ్యాయులందరు చూచినదే. అది టీవీవలననే యని మేము చెప్పము. వ్రాత అభ్యాసము తక్కువగుట పెద్ద కారణము. కాని ఒక తల్లి మాతో, 'టీవీ చూచి చదువుచున్నాడు గదండీ, పుస్తకమెందుకని ఊరకుంటిమి' అనినప్పుడు మాకు కలవరము కలిగినది. టీవీ బొమ్మను పంపునప్పుడు ఏది వదలవచ్చునో నిర్ణయించిన లెక్క చదువ నేర్చిన పెద్దల కంటిని దృష్టిలో నుంచుకొన్నది. ఏడేండ్ల బిడ్డను గాదు. అక్షరమునకు పుస్తకమే కావలయును, అందును పెద్ద యచ్చు పుస్తకము.

ఇక పంపకము సంగతి. గోడౌన్ వీథి బట్టల వర్తకులకు పార్సెలు లారీ తెలియును. ఒకే లారీలో పదిమంది మూటలు. ఎవరి మూట పెద్దదైనచో తక్కినవారు సర్దుకొనవలయును. ఉపగ్రహపు దారియు అట్టిదే. క్రికెట్టు ఆట వంటి కదలిక మిక్కిలిగా గల కార్యక్రమమునకు ఆ క్షణమున ఎక్కువ బిట్లు, కదలని వార్తకు తక్కువ బిట్లు. క్షణక్షణమును యంత్రమే పంచును. ఇంతవరకు న్యాయమే. కాని లారీలో ఎన్ని మూటలు ఎక్కించవలెనో, ఎవరికి ముందు సీటో నిర్ణయించునది యంత్రము కాదు. ఛానలువారు ఒకసారి ముడిచి పంపినదానిని, పంపిణీదారులు పలువురు విప్పి మరల ముడుతురు. రెండవసారి ముడుచునప్పుడు ఏ ఛానలును ఎంత గట్టిగా పిండవచ్చుననునది వారి లెక్క. ఆ లెక్కలో మరల ఆ పాత ప్రశ్నయే: చూచువారెందరు? విజయవాడలో అదే తెలుగు ఛానలు తేటగా నుండి, చెన్నపట్టణమున ముద్దగా నుండుట మన బంధువుల యిండ్లకు పోయి వచ్చినవారందరు గమనించిన విషయమే.

హెచ్.డి. ఛానలు తీసికొన్నచో మేలా యని పలువురు అడుగుదురు. మేలే. అందులో అడ్డము 1920, నిలువు 1080 బిందువులు. మామూలు బొమ్మకు సరిగా ఐదురెట్లు. ఒత్తునకు పది వరుసలకు బదులు ఇరువది వరుసలు దక్కును. ట్రాయ్ వారి 2017 నాటి ఉత్తరువులో ఛానళ్లను లెక్కించునప్పుడు ఒక హెచ్.డి. ఛానలు రెండు మామూలు ఛానళ్లతో సమానమని వ్రాసినారు. ఐదింటికి రెండు లెక్క! ఈ బేరము మన వర్తకులకు నచ్చవలసినదే. 2019నుండి అమలైన ఆ యుత్తరువులో ఛానళ్లను విడివిడిగా కోరుకొను హక్కును కలదు. తమిళ ఛానళ్ల కట్టను కొని, అందులో తెలుగు లేదని విచారించుట అనవసరము. మీకు కావలసిన తెలుగు ఛానలును పేరు పెట్టి అడుగవచ్చును.

కార్తికమాసపు వానలో బొమ్మ గడులు గడులుగా పగిలి నిలిచిపోవుటకు పంపిణీదారుని తిట్టకుడు. డి.టి.హెచ్. తరంగములు రెండున్నర సెంటీమీటర్ల పొడవుగలవి. జోరువాన వానిని మ్రింగివేయును. అనలాగులో వలె మెల్లగా చెడక, డిజిటలు బొమ్మ ఒక హద్దువరకు నిలిచి, ఆపైన ఒక్కసారిగా కూలును. వాన తగ్గును, బొమ్మ వచ్చును. వాన లేకయే పగులుచున్నచో డిష్షు కదలినదేమో, మిద్దెమీద కోతులు తీగ లాగినవేమో చూచుకొనుడు.

ఇంటిలో మనము చేయదగినవి కొన్ని గలవు. పెట్టెనుండి టీవీకి ఎరుపు, పసుపు, తెలుపు కొనలుగల పాత తీగనే నేటికిని వాడుచున్నవారు దానిని తీసి హెచ్.డి.ఎం.ఐ. తీగ వేయుడు; ఆ పసుపు తీగలో సన్నని గీతలు మరికొన్ని చచ్చును. టీవీలో 'షార్ప్‌నెస్' అను దానిని తుదకంట పెంచుట కొందరికి వేడుక. అది లేని వివరమును తేలేదు, దోమలను మాత్రము పెద్దవి చేయును. పాత నిష్పత్తి బొమ్మను సాగదీసి తెరనిండ పరచుటయు మానుడు. 'ట' సాగి 'ఉ'కారమునకు చుట్టమగుచున్నది.

చివరకు సైట్ నాటి రెండు స్వరమార్గముల మాట. ఒక ఛానలు బొమ్మకు సెకనుకు ముప్పది లక్షల బిట్లయినచో, దాని స్వరమునకు సుమారు లక్షన్నర చాలును. ఇరువదింట ఒక వంతు. అందుచేత ఒకే బొమ్మ వెంట మూడు నాలుగు భాషల స్వరములు పంపుట సులభమైనది. పిల్లల కార్టూను ఛానళ్లలోను, జంతువులను, నక్షత్రములను చూపు ఛానళ్లలోను పెక్కింట తమిళముతో పాటు తెలుగు స్వరమును కలదు. చెన్నపట్టణపు పెట్టెలు మొదట వినిపించునది తమిళము. మనము మార్చుకొననంతవరకు అదియే సాగును. ఆ పిల్లవాడు ఏనుగులను గూర్చి, గ్రహణములను గూర్చి గంటలకొలది వినుచున్నది మన భాషలో వినగలిగియుండియు వినుటలేదు. తమిళము వలదని మా భావము కాదు. అది వీథిలోనే వచ్చును, మంచిగా రావలయును. తెలుగు మాత్రము ఇంటిలో వినబడకున్న మరి యెచ్చట వినబడును? బొమ్మలో మన యక్షరము అరిగిపోవుచున్నను, స్వరము అరుగలేదు. చెవికి టీవీని వాడుకొని, కంటికి పుస్తకమిచ్చినచో రెండును చెల్లును.

స్వరము మార్చు మీట రిమోట్‌లో ఒక్కొక్క పెట్టెకు ఒక్కొక్క చోటనుండును; కొన్నింట 'ఆడియో' అని, కొన్నింట 'లాంగ్వేజ్' అని వ్రాసియుందురు, కొన్నింట మెనూలోనికి పోవలయును. కొందరు కేబులువారు తెలుగు స్వరమును దారిలోనే తీసివేయుదురు. అట్టిచో నెలసొమ్ము చెల్లించునప్పుడు చీటీమీద వ్రాసి అడుగుడు, పదిమంది ఒకే వారమున అడుగుడు. సభ ముగిసిన వెనుక విజ్ఞానశాస్త్రపు గదిలో ఎనిమిదవ తరగతి పిల్లలు మూడు రకముల పెట్టెలు పెట్టుకొని కూర్చుందురు. మీ యింటి పెట్టె పేరు చెప్పినచో ఆ మీట యెచ్చటనున్నదో వెదకి చూపుదురు. ఫలహారములు ఆ ప్రక్క గదిలో ఉన్నవి.